నాలుగో మూల

మా బావ ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని చూడడు, నేలని చూస్తాడు. గుమ్మంలో తల వంచుకుని నిలబడిపోతాడు. తెలియనివాళ్ళు అది వినయం అనుకుంటారు. మా అక్కని అడగడానికి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మా నాన్న కూడా అలాగే అనుకుని లోలోపల పొంగిపోయాడు. కాసేపటికి బావ తలెత్తి, "మీ వంటింట్లో నీళ్ళు గోడ వైపు పోతాయా అండీ?" అని అడిగాడు. పోతాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పోతున్నాయి. మా నాన్న మొహం గంటు పెట్టుకున్నాడు. లోపలి గదిలో మా అక్క కిసుక్కున నవ్వింది. పెళ్ళయిన నెలకే బావ ఆ వంటింటి నేల మొత్తం పీకి మళ్ళీ వేశాడు. ఆ తర్వాత మా నాన్న బతికినన్నాళ్ళూ అల్లుణ్ణి తప్ప మరొకర్ని మెచ్చుకోలేదు, కన్నకొడుకునైన నాతో సహా.

బావ టైల్స్ మేస్త్రీ. నలభై ఏళ్ళు మోకాళ్ళ మీదే గడిపాడు. పక్కన రసమట్టం, చేతిలో తాపీ, చెవి మీద పెన్సిలు ఉంటే చాలు, ప్రపంచం ఎటు పోయినా ఆయనకి పట్టదు. మాటలు తక్కువ. ఆ లోటు నేను తీరుస్తుంటాను. హైస్కూల్లో ఇరవై ఆరేళ్ళుగా చరిత్ర పాఠాలు చెబుతున్నాను కాబట్టి ఇంట్లో నన్ను మాస్టారూ అంటారు. అది గౌరవంతో అనే మాట కాదని చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

సముద్రం అవతల ఒక దేశం ఉంది. మూడు వేల ఏళ్ళ చరిత్ర, పడిపోయిన కోటలు, పడిపోని గోపురాలు, ఒకర్నొకరు పొడుచుకున్న రాజులు. ప్రతి పరీక్షలోనూ దాని మీద ఒక పెద్ద ప్రశ్న తప్పదు. ఎన్ని వందల మంది పిల్లల చేత నేను ఆ దేశాన్ని బట్టీ పట్టించానో లెక్క లేదు. అయినా మా ఇంట్లో దాన్ని 'బావ దేశం' అంటారు. ఇది అన్యాయమని నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను. ఎవరూ వినిపించుకోరు.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. పన్నెండేళ్ళ కిందట మా స్కూలు లైబ్రరీలో నేల కుంగితే బాగు చెయ్యడానికి బావని పిలిపించాను. మధ్యాహ్నం టీ తీసుకుని వెళ్ళి చూస్తే పని పక్కన పెట్టేసి, ఒక పెద్ద బొమ్మల పుస్తకం కింద పరుచుకుని, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఆ దేశపు పాత రాజభవనంలో ఒక భోజనశాల బొమ్మ అది. వేలిగోరంత రంగురాళ్ళు పేర్చి చేసిన నేల. మధ్యలో చేపలు, చుట్టూ నాలుగు వైపులా అలల అంచు. రెండు వేల ఏళ్ళ నాటిది. నాకు తెలిసిన సంగతే కాబట్టి ఊరుకోలేకపోయాను. ఆ రాజు ఎవరు, ఎవర్ని చంపి గద్దెనెక్కాడు, ఆ గదిలోనే ఏ తమ్ముడికి విషం పెట్టాడు, అంతా వరసగా చెప్పాను. బావ ఓపిగ్గా విన్నాడు. టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "నాలుగో మూల ఏదీ?" అన్నాడు.

చూస్తే నిజమే. బొమ్మలో మూడు మూలలే ఉన్నాయి. నాలుగోది ఒక లావుపాటి స్తంభం వెనక పడిపోయింది.

"ఉంటుందిలే బావా, దాంట్లో ఏముంది?" అన్నాను.

"ఏ గదీ రాళ్ళ కొలతకి సరిపోయేట్టు కట్టరు బామ్మర్దీ. ఎక్కడో చోట తేడా వస్తుంది. ఇక్కడ చూడు, మూడు మూలల్లోనూ అల ఎంత శుభ్రంగా తిరిగిందో. అలా కుదరదు. కుదిరిందంటే తేడా అంతా నాలుగో దాంట్లోకి తోశాడన్నమాట. అక్కడ ఏదో చేశాడు."

"రెండు వేల ఏళ్ళ నాటి మేస్త్రీకి ఇప్పుడు తప్పు పడతావా?"

"ఛ, తప్పు ఎందుకు పడతాను? ఎలా గట్టెక్కాడో చూద్దామని."

ఇక్కడ ఆయన పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, నాకూ ఆ రోజే తెలిసింది. ఏ గదిలోనైనా కొన్ని టైల్స్ కొయ్యక తప్పదు. గుమ్మంలోంచి చూసే కంటికి నిండు టైల్స్ కనబడాలి, కోసిన ముక్కలు బీరువా కిందకో తలుపు వెనక్కో పోవాలి. అందుకని మంచి మేస్త్రీ గోడ దగ్గర మొదలుపెట్టడు. గది నడిమధ్యన దారం కట్టి, అక్కడ మొదటి టైలు పెట్టి, అటూ ఇటూ పరుచుకుంటూ పోతాడు. మేస్త్రీ పనితనమంతా కోత ముక్కలు ఎక్కడ దాచాడన్న దాంట్లోనే తెలుస్తుందని బావ అంటాడు.

ఆ రోజు నుంచీ పన్నెండేళ్ళు ఆ నాలుగో మూల మా ఇంట్లో కాపురం ఉంది. ఎక్కడ ఆ గది బొమ్మ కనబడినా బావ తెచ్చుకునేవాడు. పాత పత్రికలు, క్యాలెండర్లు, మా మేనకోడలు పెద్దదయ్యాక దాని ఫోన్లో వెతికించినవి. అన్నీ ఒకే గుమ్మం దగ్గర నిలబడి తీసినవి. అన్నిట్లోనూ స్తంభం అడ్డం. "ఆ మేస్త్రీ ఎక్కడ నిలబడి చూడమన్నాడో అందరూ అక్కడే నిలబడి చూస్తున్నారు," అని బావ మురిసిపోయేవాడు. భోజనాల దగ్గర ఈ గోల వినలేక మా అక్క చెవులు మూసుకునేది. వెళ్ళి చూద్దామన్న మాట మాత్రం ఎప్పుడూ రాలేదు. ఏదో ఒక ఇల్లు, ఏదో ఒక పని అడ్డం వచ్చేవి.

ఈ ఏడాది మొదట్లో బావ మోకాళ్ళు మొరాయించాయి. డాక్టరు రెండూ అరిగిపోయాయని, మార్చి కొత్తవి వెయ్యాలని చెప్పాడు. ఆపరేషన్ అయ్యాక హాయిగా నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, కానీ మోకాళ్ళ మీద మాత్రం ఇంక ఎప్పుడూ కూర్చోకూడదన్నాడు. పక్కన నేనూ ఉన్నాను. బావ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "ఎప్పట్లోగా చేయించుకోవాలి?" అని ఒక్కటే అడిగాడు. ఆర్నెల్లకి మించి ఆగొద్దన్నాడు డాక్టరు. ఇంటికి వచ్చాక చెప్పులైనా విప్పకుండా మా అక్కతో, "ఆ దేశం వెళ్దాం. ఆ మూల దగ్గర ఒక్కసారి మోకాళ్ళ మీద కూర్చోవాలి. తర్వాత నన్ను ఏం చేసుకుంటారో చేసుకోండి," అన్నాడు.

ఆయన నోటి నుంచి అన్ని మాటలు ఒకేసారి రావడం మాకెవరికీ అలవాటు లేదు. అందుకే ఎవరూ కాదనలేదు.

నేను కూడా వెళ్ళాలని తేలింది. చరిత్ర చెప్పడానికని నేను అనుకున్నాను, పెట్టెలు మొయ్యడానికని అక్క అంది. వారం రోజులు కూర్చుని పద్నాలుగు పేజీల ప్రణాళిక రాశాను. ఏడు నగరాలు, నాలుగు రాజవంశాలు, ఏ పూట ఏ కోట, ఏ కోటలో ఎవరు చచ్చారు, అన్నీ ఉన్నాయి దాంట్లో. మా మేనకోడలు పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుని అపాయింట్‌మెంట్లు రాస్తుంది. అది నా పేజీలు తిరగేసి, "ఒక్కో రాజుకి పావుగంట చాలు మావయ్యా," అంది. మా అక్క కోరిక వేరు. సముద్రం ఒడ్డున కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చోవాలి, ఎవరో టీ తెచ్చి చేతికివ్వాలి, ఆ కప్పు తను కడగకూడదు. ఇంతే.

బావ నా పద్నాలుగు పేజీలూ ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. చదివి, సోఫా పక్కకి జరిపి, జేబులోంచి సుద్దముక్క తీశాడు. ముందుగదిలో నేల తను వేసిందే. వరసగా పదకొండు టైల్స్ మీద గీత గీశాడు. పదకొండు రోజులన్నమాట. ఆయనకి రోజులైనా టైల్సే. వెళ్ళే రోజూ వచ్చే రోజూ కోత ముక్కలు, అవి అంచుల్లోకి పోవాలి. కంటికి ఎదురుగా నడిమధ్యన నిండు టైలు రావాలి. అటు నుంచి లెక్కపెట్టినా ఇటు నుంచి లెక్కపెట్టినా ఆరోది. దాని మీద 'గది' అని రాశాడు. "ఇది కదలదు. మిగిలినవి మీరు పంచుకోండి," అని సుద్దముక్క నా చేతికిచ్చాడు.

పంచుకోవడం అంత తేలిగ్గా అవలేదు. నా ఏడు నగరాలు నాలుగు టైల్స్‌లో ఇరకవు. నేను చిన్న అక్షరాలతో ఇరికించాను. మర్నాడు పొద్దున అక్క మామూలుగా నేల తుడిచేసింది. నా మూడు నగరాలూ రెండు రాజవంశాలూ బకెట్లోకి పోయాయి. తన సముద్రం రాసిన టైల్స్ మాత్రం చెక్కుచెదరలేదు.

నేను ఒంటికాలి మీద లేచాను. "నీ సముద్రం ఎలా మిగిలిందక్కా?"

"దాని చుట్టూ తుడిచానురా," అంది అక్క, గుడ్డ పిండుతూ.

మూడు రోజుల పంచాయితీ తర్వాత నాకు మూడు నగరాలు, అక్కకి రెండున్నర రోజుల సముద్రం తేలాయి. మేనకోడలు ఒక ఆదివారం పొద్దున ఫోన్ పట్టుకుని కూర్చుని విమానాలు, రైళ్ళు, గదులు అన్నీ ఖాయం చేసేసింది. ఆ వారమంతా బావ పనిలో మోకాళ్ళ కింద వేసుకునే పాత దిండ్లు ఉతికి ఎండలో వేసుకుంటూ తనలో తను నవ్వుకుంటుంటే చూసి నాకే ముచ్చటేసింది.

తర్వాత భవనంలోకి ప్రవేశం టికెట్లు తీసుకోబోయి మేనకోడలు ఆగిపోయింది. "మావయ్యా, మన ఆరో రోజు ఇక్కడ కనబడట్లేదు," అంది. ఇంకాస్త కిందకి చదివి, "ఆ రోజు మూసేస్తారట. వారం వారం," అంది.

ఒక రోజు అటో ఇటో జరపొచ్చు కదా అని నేను అనేలోపే అది మిగిలింది కూడా చదివి వినిపించింది. తెరిచి ఉండే రోజుల్లో కూడా నేల మీద ఎవర్నీ అడుగు పెట్టనివ్వరు. గది మీదుగా మనిషెత్తు చెక్క వంతెన కట్టారు, జనం దాని మీదే నడిచి పోవాలి. వంతెన బొమ్మ కూడా ఉంది. అది గుమ్మం నుంచి కిటికీ దాకా పోయి తిరిగి వస్తుంది. స్తంభం వెనక్కి పోదు.

తప్పు ఎవరిదని ఎవరూ అడగలేదు. నాదే ఎక్కువ. ఇరవై ఆరేళ్ళు ఆ దేశం గురించి చెప్పినవాణ్ణి, అక్కడ రాజులు చచ్చిన తేదీలన్నీ తెలిసినవాణ్ణి, వారంలో ఏ రోజు తలుపులు మూస్తారో తెలుసుకోలేదు. బావ మాత్రం తన మీదే వేసుకున్నాడు. "మధ్య టైలు సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకున్నాను గానీ, కింద బోలుగా ఉందేమో తట్టి చూడలేదు," అన్నాడు. టైలు వేశాక వేలితో తట్టి చప్పుడు వినడం ఆయన రోజూ చేసే పని.

రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు, "పోనీలే, రోజు జరపండి. వంతెన మీంచే చూద్దాం," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం నేను చూడలేకపోయాను.

మా అక్క చూసింది. చేతిలో పని కింద పెట్టింది. "పన్నెండేళ్ళు నా ప్రాణం తోడేసిన మూల అది. అంత దూరం పోయి దాన్ని చూడకుండా వస్తే ఇంకో పన్నెండేళ్ళు నేనే వినాలి. నా వల్ల కాదు. ఏరా మాస్టారూ, ఊరికే పద్నాలుగేసి పేజీలు రాస్తావు కదా, వాళ్ళకి ఒక్క పేజీ రాయలేవా?" అంది.

రాయొచ్చు. వాళ్ళ సైటులో వెతికితే దొరికింది, పని తెలిసినవాళ్ళు ప్రత్యేకంగా దగ్గరి నుంచి చూడటానికి పెట్టుకునే దరఖాస్తు ఒకటి. మీ వృత్తి ఏమిటి, ఎందుకు చూడాలనుకుంటున్నారు అని అడిగారు. మీ పని చాలాకాలంగా ఎరిగినవాళ్ళెవరైనా రాసిన ఉత్తరం జతచెయ్యమన్నారు. నేను హుషారుగా నింపేసి బావకి చదివి వినిపించాను. 'ప్రాచీన భూతలాలంకరణ కళా పరిశోధకులు' అన్న చోట బావ ఆపాడు.

"ఎవరాయన?"

"నువ్వే బావా."

"కొట్టెయ్. టైల్స్ మేస్త్రీ అని రాయి. ఎందుకంటే, నాలుగో మూలలో ఏం చేశాడో చూడటానికని రాయి."

కొట్టేశాను. నా పరువు పోతే పోయింది. ఇక ఉత్తరం ఎవరు రాస్తారన్నది మిగిలింది. మా హెడ్మాస్టరు చేత రాయిద్దామన్నాను. ఊళ్ళో పెద్ద భవనాలు కట్టించిన ఇంజనీరు పేరు చెప్పాను. బావ తల అడ్డంగా ఊపాడు. "కట్టించినవాళ్ళకి నేల తెలీదు. వాళ్ళు దాని మీద సామాను పెడతారు," అన్నాడు. మరి ఎవరికి తెలుస్తుందో ఆయనకీ తెలియదు. పోయి నేలల్నే అడుగుదామన్నాడు.

అలా ఒక ఆదివారం నలుగురం మేనకోడలి కారులో బావ వేసిన నేలలు చూడటానికి బయల్దేరాం. ముందు బ్యాంకు. అక్కడ బావ నేల మీద ఎవరో తళతళలాడే కొత్త టైల్స్ పరిచేశారు, అద్దాల్లోంచి చూసి వచ్చేశాం. తర్వాత ఒకప్పటి సినిమా హాలు, ఇప్పుడు సోఫాలు అమ్మే దుకాణం. బావ వంగి తివాచీ అంచు ఎత్తి చూస్తుంటే అమ్మే కుర్రవాడు పరుగున వచ్చాడు. సోఫా కొంటామేమోనని అక్కని నాలుగింటి మీద కూర్చోబెట్టాడు. అక్కకి ఆ నాలుగూ నచ్చాయి. మేం బయటపడేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

చివరికి పెద్దాసుపత్రి. ఇరవై ఏడేళ్ళ కిందట కింది అంతస్తులో పొడుగాటి వరండా బావ వేశాడు. అది అలాగే ఉంది. గోధుమరంగు టైల్స్, అంచున నల్ల గీత. బావ అలవాటుగా తల వంచుకుని నిలబడిపోయాడు. అటు నుంచి తడిగుడ్డ కర్రతో నేల తుడుచుకుంటూ వస్తున్న ఒకావిడ, "కాస్త పక్కకి జరగండి, జారతారు," అంది. బావ జరిగాడు.

"నీళ్ళు ఎటు పోతున్నాయమ్మా?" అని అడిగాడు.

ఆవిడ కర్ర గోడకి ఆనించింది. యాభై దాటి ఉంటాయి. ఇంతవరకూ ఆ సంగతి అడిగినవాళ్ళు లేరని ఆవిడ మొహమే చెప్పింది. "ఈ వరండాలో నీళ్ళు వాటంతట అవే కాలవ దగ్గరకి పోతాయండీ. బకెట్టు ఒంపితే చాలు. పై అంతస్తులో నెట్టీ నెట్టీ భుజాలు పడిపోతాయి. ఇక్కడికొస్తే ప్రాణం లేచొస్తుంది. ఎవరు వేశారో గానీ మహానుభావుడు," అంది.

మా అక్క నా వైపు చూసింది. నేను నోరు తెరవబోతే కాలు తొక్కింది.

"కాకపోతే ఒక్క చోట మాత్రం నిలుస్తాయి," అని ఆవిడే నడిచి ఆరో స్తంభం దగ్గర చూపించింది. "ఇదుగో, ఇక్కడ అరచెయ్యంత. పంతొమ్మిదేళ్ళ నుంచీ చూస్తున్నాను. మిగతా అంతా అంత బాగా వేసి ఇక్కడ ఎందుకిలా వదిలేశాడో తెలీదు. ఆ రోజు ఆయనకేదో అవసరం పడి ఉంటుంది."

బావ అక్కడ మెల్లగా, ఒక చేత్తో స్తంభం పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ అరచెయ్యంత తడిని వేళ్ళతో తడిమాడు. ఆయన నవ్వుతున్నాడని నాకు ఆలస్యంగా తెలిసింది. "పడిందమ్మా. పైన రెండో అంతస్తులో అదుగో ఆ పిల్ల పుట్టింది. కబురు రాగానే తాపీ ఇక్కడే పడేసి మెట్లెక్కేశాను. మిగిలిన ఆ కాస్తా ఇంకెవరో వేశారు," అన్నాడు.

ఆవిడ మా మేనకోడల్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "నువ్వా తల్లీ నాకు ఇన్నాళ్ళూ ఈ పని పెట్టింది," అంది. మేనకోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. మా అక్క కళ్ళు తుడుచుకుంది. నేను కూడా ఏదో నలక పడిందని రుమాలు తీశాను. ఇన్నేళ్ళు చరిత్ర చెప్పుకుని బతుకుతున్నాను గానీ, నా మేనకోడలు పుట్టిన రోజు ఆసుపత్రి నేలలో నిలిచిపోయి ఉందని నాకు తెలియదు.

ఉత్తరం ఎవరిదో ఇంక అడగాల్సిన పని లేకపోయింది. విషయం చెబితే ఆవిడ, "నా చేతులు తడి, మీరు రాయండి మాస్టారూ, నేను చెబుతాను," అంది. వరండా బెంచీ మీద కూర్చుని ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. నేల వాటం గురించి, పై అంతస్తు గురించి, తన భుజాల గురించి చెప్పింది. ఆరో స్తంభం దగ్గరకి వచ్చేసరికి నేను కలం ఆపి, "ఇది వదిలేద్దాం బావా, పొగుడుతూ రాసే ఉత్తరంలో తప్పు ఎందుకు?" అన్నాను.

"అదే ముఖ్యం, రాయి," అన్నాడు బావ. ఆవిడ కూడా రాయమంది. రాశాను. ఆవిడ చేతులు తుడుచుకుని కింద సంతకం పెట్టింది.

పంపాక పంతొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. మేనకోడలి ఫోన్ మోగినప్పుడల్లా బావ నడుస్తున్నవాడు ఆగేవాడు. ఆపరేషన్‌కి తేదీ వేశారు. ప్రయాణానికి పట్టుమని నెల లేదు. రాకపోతే వంతెన మీంచైనా సరేనని రోజు జరపడానికి నేను రహస్యంగా దారులు వెతుకుతున్నాను. ఒకటీ దొరకలేదు.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండగా జవాబు వచ్చింది. వాళ్ళ భాషలో ఉంటే మేనకోడలు ఫోన్లోనే మన భాషలోకి మార్చి పైకి చదివింది. ఆ భవనం బాగోగులు చూసే అధికారిణి రాసింది.

"మీ దరఖాస్తూ, దానితో వచ్చిన ఉత్తరమూ మా ఆఫీసులో అందరం చదివాం. ఇలాంటి ఉత్తరాల్లో దరఖాస్తుదారు చేసిన తప్పు గురించి రాయడం ఇదే మొదటిసారి చూశాం. మీరు అడిగిన మూల కోసం మా దగ్గరున్న పటాలన్నీ తీశాం. వందేళ్ళ కిందట గీసిన పటంలో నాలుగు మూలలూ ఒకేలా ఉన్నాయి. గీసినాయన నాలుగోది చూడకుండానే గీసినట్టున్నాడు. మాలో ఎవరమూ ఆ స్తంభం వెనక ఎప్పుడూ వంగి చూడలేదని ఒప్పుకోవాలి. చివరికి ఆ నేల శుభ్రం చేసే ఆవిడని అడిగాం. వారానికొకసారి, మూసి ఉండే రోజునే, ఆవిడ మెత్తటి బ్రష్షుతో దుమ్ము తీస్తుంది. పదిహేడేళ్ళుగా అదే పని. అక్కడ ఏమైనా తేడా ఉందా అని అడిగితే, ఉంది, నాకు ఎప్పటి నుంచో తెలుసు అంది. ఏమిటని అడిగితే చెప్పలేదు. ఇన్నేళ్ళలో అడిగిన మొదటి మనిషి ఆయనే, ఆయన వచ్చాక ఆయనకే చూపిస్తాను అంది. కాబట్టి మీరు అదే రోజు, మూసి ఉండే రోజే రండి. ఆవిడ ఉదయం ఎనిమిదింటికి పని మొదలుపెడుతుంది."

మేనకోడలు ఫోన్ బల్ల మీద పెట్టింది. మా అక్క బావ వీపు మీద చెయ్యి వేసింది. బావ తల వంచుకునే ఉన్నాడు. ఆయన కళ్ళనుంచి నీళ్ళు కంచంలో పడ్డాయి. ముప్ఫై ఏళ్ళ బంధుత్వంలో మా బావ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. సంతోషంతో ఏడుస్తున్నాడని తెలిసినా ఏం చెయ్యాలో తోచక నీళ్ళ గ్లాసు అటు జరిపాను.

కాసేపటికి తేరుకుని మొహం తుడుచుకున్నాడు.

"రాయి బామ్మర్దీ. ఏడున్నరకే వస్తామని రాయి. ఆవిడ పనిలోకి దిగకముందే మనం అక్కడ ఉండాలి."

"అంత తొందరేం బావా? చూపిస్తానని ఆవిడే అందిగా."

"చూపించక్కర్లేదు. ఆవిడ తుడుస్తుంటే వెనక కూర్చుని చూస్తాను. ఆవిడ చెయ్యి ఎక్కడ నెమ్మదిస్తుందో, అక్కడే ఆ మేస్త్రీ ఏదో చేసి ఉంటాడు."

నేను అలాగే రాశాను.